చిరగని మోకాళ్ళు

రెండో చీటీ వచ్చిన రోజు మా అమ్మాయిని నేను ఒక్క మాట కూడా అనలేదు. ఇది చెప్పుకోదగ్గ సంగతే, ఎందుకంటే నా కోపం గురించి మా వీధిలో తెలియనివాళ్ళు లేరు. మిషను సూది కంటే నీ నోరే పదును అంటాడు మా ఆయన. చీటీ రెండుసార్లు చదివి, మడిచి, మిషను సొరుగులో గుండీల డబ్బా కింద పెట్టేశాను. తరగతిలో కుదురుగా కూర్చోవడం లేదట. అరగంటలో ఆరుసార్లు లేచిందట. పక్క పిల్లల ధ్యాస చెడగొడుతోందట. కింద టీచరు సంతకం, దాని పక్కన హెడ్ మేడం సంతకం. మొదటి చీటీలో టీచరు సంతకం ఒక్కటే ఉండేది.

మూడో చీటీ వస్తే పిల్లని ఆ స్కూల్లో ఉంచరు. ఊరికి ఆ చివరున్న ఇంకో స్కూల్లో ఇలాంటి పిల్లల కోసం ఒక గది ఉంది, అక్కడికి పంపుతారు. రెండు బస్సులు మారాలి. మా ఆయన బస్సు డ్రైవరు కాబట్టి ఆ దారి ఆయనకి తెలుసు. ఒకరోజు డ్యూటీ దిగాక వెళ్ళి, కిటికీలోంచి ఆ గది చూసొచ్చాడు. పన్నెండు మంది పిల్లలున్నారనీ, ఒక్కొక్కరూ గోడవైపు తిరిగి కూర్చున్నారనీ చెప్పి, కంచం ముందు నుంచి లేచిపోయాడు. నేనూ తినలేకపోయాను.

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. దాన్ని అందరూ బొంగరం అంటారు. కడుపులో ఉన్నప్పుడే అది తన్నే తన్నులకి నా కాలు మిషను పెడలు మీద నిలిచేది కాదు. పుట్టాక చెప్పేదేముంది, గుమ్మం దాటమంటే దూకుతుంది, నీళ్ళు తెమ్మంటే సగం ఒలకబోసుకుంటూ పరిగెత్తుకొస్తుంది. అలాగని మొద్దు కాదు. ఒకటో తరగతిలో దీని మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. అప్పట్లో పొద్దున ఒక ఇంటర్వెల్, మధ్యాహ్నం ఒక ఇంటర్వెల్ ఉండేవి. మైదానమంతా ఒక చుట్టు చుట్టి, ఒళ్ళంతా చెమటతో వగరుస్తూ వచ్చి కూర్చుంటే, ఆ తర్వాత చెప్పిన పాఠం చెప్పినట్టు తలకెక్కేది.

రెండేళ్ళ కిందట ఆ రెండూ తీసేశారు. మైదానంలో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండటానికి ఇద్దరు మనుషులుండేవాళ్ళు. విద్యా కమిటీ దగ్గర వాళ్ళకి జీతాలిచ్చేందుకు డబ్బు లేదన్నారు. చూసేవాళ్ళు లేకుండా ఏ పిల్లాడి చెయ్యో విరిగితే జవాబు ఎవరు చెబుతారని మైదానం గేటుకి తాళం వేశారు. ఇప్పుడు ఇంటర్వెల్ అంటే డెస్కు మీద తల పెట్టుకుని పది నిమిషాలు కళ్ళు మూసుకోవడం. దానికి విశ్రాంతి అని పేరొకటి. ఎనిమిదేళ్ళ పిల్లలకి విశ్రాంతి ఏమిటి నా మొహం!

స్కూలు యూనిఫారాలు కుట్టేది నేనే, పదకొండేళ్ళుగా. ఆడపిల్లలకీ మగపిల్లలకీ అందరికీ ఒకటే నీలం ప్యాంటు. ఒకసారి కుడితే ఆ ఏడాది పొడుగునా ఎక్కడ చిరిగినా ఉచితంగా బాగుచేసి ఇవ్వాలన్నది స్కూలుకీ నాకూ మొదటినుంచీ ఉన్న ఒప్పందం. మందుల షాపు అక్క మా వీధి చివర ఉంటుంది. వాళ్ళబ్బాయి మా బొంగరం క్లాసే. ఇంటర్వెల్ మళ్ళీ పెట్టాలని, దానికి కావలసిన డబ్బు కమిటీయే ఇవ్వాలని నూట నలభై మంది తల్లిదండ్రుల చేత సంతకాలు పెట్టించింది ఆవిడే. నా సంతకం కోసం అర్జీ పట్టుకుని నా కుట్టు షాపుకి వచ్చినప్పుడు, నేను దారం కొరుకుతూ మాటవరసకి ఒక మాటన్నాను. అక్కా, గేటుకి తాళం పడ్డాక నా దగ్గరకి చిరిగిన మోకాలు ఒక్కటంటే ఒక్కటి రాలేదు తెలుసా అని.

అక్క కళ్ళజోడు తీసి నావైపు చూసింది. కమిటీ మీటింగులో మూడు నిమిషాలు టైమిచ్చారనీ, ఒక్కరే మాట్లాడాలనీ, ఆ ఒక్కరూ నువ్వేననీ తేల్చేసింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. నేను చదువుకున్నది ఎనిమిదో తరగతి. మైకు ముందు నిలబడి నేనేం మాట్లాడతాను? కిందటేడాది డాక్టర్లు రాసిన కాగితాలు పట్టుకెళ్ళి అక్క తానే మాట్లాడిందట. బాగా విన్నారట, ధన్యవాదాలు చెప్పారట, ఫైల్లో పెట్టుకున్నారట. “ఈసారి కాగితం వద్దు. నీ ప్యాంట్లు పట్టుకునిరా” అంది అక్క.

మీటింగుకి ఇంకా అయిదు వారాలుంది. ఈలోగా మూడో చీటీ రాకుండా చూసుకోవాలి. అందుకని నేనొక పద్ధతి పెట్టాను. స్కూలు నుంచి రాగానే బొంగరాన్ని నా మిషను పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, దాని ఒళ్ళో ఒక బాబిన్ నిలబెట్టేదాన్ని. మిషను అడుగున దారం చుట్టి పెట్టుకునే ఆ చిన్న చక్రం, నేలమీద పడితే దొర్లుకుంటూ పోతుంది. అది పడకుండా కూర్చోవాలి. మొదటిరోజు అయిదు నిమిషాల్లో పదకొండుసార్లు పడింది. పడ్డప్పుడల్లా మళ్ళీ మొదటినుంచి. ఏడ్చింది, అలిగింది, బాబిన్ని తీసుకెళ్ళి చెప్పులో దాచింది. నేను వినలేదు. ఎక్కడికో పంపేస్తారే, నిన్ను మాకు దూరం చేస్తారే, కదలకుండా కూర్చుంటే చీటీ రాదు, ఇంకేం రాదు అని చెప్పి చెప్పి, బతిమాలి, బెదిరించి నేర్పాను.

మూడో వారానికి అరగంట కూర్చుంది. నాలుగో వారానికి గంట. బాబిన్ కాదు కదా, కనురెప్ప కూడా కదిలేది కాదు. నేను పొంగిపోయాను. వచ్చినవాళ్ళందరికీ చూపించాను కూడా, సిగ్గులేకుండా. ఆ వారమే దాని చొక్కాలు ఉతుకుతుంటే కాలరు కొసలు రెండూ పీచులు పీచులుగా కనబడ్డాయి. నమిలేస్తోంది. కొత్త కాలరు వేశాను. నాలుగు రోజుల్లో అదీ అలాగే అయింది. ఒకరోజు అన్నం తింటూ తింటూ, అమ్మా, నా కాళ్ళు లోపల్లోపల పరిగెడుతున్నాయే అంది. తినవే ముందు అన్నాను.

మీటింగు గురువారం సాయంత్రం నాలుగింటికి. సోమవారం హెడ్ మేడం నా షాపుకి వచ్చింది. చేతిలో సంచి, దాని పట్టీ ఊడిపోయిందని వంక. పట్టీ ఊడలేదు. ఆవిడ చెడ్డమనిషి కాదు, ఇరవై ఎనిమిది గదుల స్కూలుని ఇద్దరు గుమాస్తాలతో లాక్కొస్తున్న మనిషి. ఆ పొద్దున లెక్కల పరీక్షలో మా బొంగరం లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చిందనీ, ఒక్కసారేననీ, కానీ టీచరు మూడో చీటీ రాసి తన బల్లమీద పెట్టిందనీ చెప్పింది.

“నేను సంతకం పెట్టాను, పెట్టక తప్పదు. తేదీ మాత్రం వెయ్యలేదు. గురువారం దాకా వెయ్యను” అంది.

ఆ తర్వాత తన చేతుల్లో ఉండదని ఆవిడ నోటితో అనలేదు, అయినా నాకు అర్థమైంది. ఊడని పట్టీకి నాలుగు కుట్లు వేసి ఇచ్చాను. డబ్బులు పుచ్చుకోలేదు. ఆ మూడు రోజులూ నా చేతుల్లో పని నడవలేదు. ఒకాయన కోటుకి ఎడమ చెయ్యి కుడివైపు అతికించి, మళ్ళీ విప్పాను.

గురువారం మా ఆయన డ్యూటీ మార్చుకుని నాతో వచ్చాడు. బొంగరాన్ని పక్కింటి పిన్ని దగ్గర వదిలాం. కమిటీ హాల్లో పొడుగాటి బల్ల, వెనక ఏడుగురు, ప్రతివాళ్ళ ముందూ ఒక మైకూ ఒక నీళ్ళ గ్లాసూ. జనానికి వెనక బెంచీలు. అక్క మొదటి వరసలో కూర్చుంది, ఆవిడ పక్కనా వెనకా ఓ అరవై మంది తల్లులూ తండ్రులూ. మా ముందు అరగంట కారే పైకప్పుల గురించి మాట్లాడారు. నాలుగు స్కూళ్ళు కారుతున్నాయి, డబ్బు రెండింటికే ఉంది. ఛైర్మన్ గారు ఓపికగా విన్నారు. పెద్దమనిషి, మాట మెత్తన. కాదని చెప్పినా వినేవాళ్ళకి అవునన్నట్టే ఉంటుంది. అదే భయం వేసింది నాకు.

నా వంతు వచ్చింది. సంచి తీసుకుని మైకు దగ్గరకి వెళ్ళాను. బల్లమీద మూడు పాత ప్యాంట్లు పెట్టాను, తాళం పడకముందువి, ఎవరూ తీసుకెళ్ళక నా దగ్గర మిగిలిపోయినవి. మోకాళ్ళ మీద అతుకు మీద అతుకు. వాటి పక్కన ఈ ఏడాదివి మూడు పెట్టాను. మోకాళ్ళు నిన్న కుట్టినట్టున్నాయి. బట్ట చేతిలో ఉంటే నాకు మాట వస్తుంది. అప్పట్లో నెలకి నలభై మోకాళ్ళు కుట్టేదాన్ననీ, ఇప్పుడు ఒక్కటీ రావడం లేదనీ, పడని పిల్లలంటే పరిగెత్తని పిల్లలనీ చెప్పాను. బెంచీల మీద చప్పట్లు కొట్టారు. బల్ల వెనక ఇద్దరు ముందుకి వంగి చూశారు. పని అయిపోయిందనుకున్నాను.

ఛైర్మన్ గారు ఒక ప్రశ్న అడిగారు, మర్యాదగానే. “అమ్మా, బట్ట మారలేదు కదా? అప్పటి బట్టా ఇప్పటి బట్టా ఒకటేనా?”

ఒకటే అని చెబుదామనే ప్యాంటు తీసుకుని, లోపలివైపు చూపిద్దామని కాల్లోకి చెయ్యి పోనిచ్చాను. మోకాలి దగ్గర నా వేళ్ళకి రెండో పొర తగిలింది.

ఆ పొర నేను వేసిందే. రెండేళ్ళ కిందట, స్కూళ్ళు తెరవబోయే ముందు, ఉచితంగా మోకాళ్ళు కుట్టి కుట్టి నడుం పడిపోతోందని, ముక్కలు మిగిలితే లోపలినుంచి అన్ని ప్యాంట్లకీ వేసేశాను. ఎవరూ అడగలేదు, నేనెవరికీ చెప్పలేదు, చెప్పేంత సంగతా అది! తర్వాత ఏటా అలాగే కుట్టడం చేతికి అలవాటై, ఆ ముక్కల సంగతే మర్చిపోయాను. ఆ ఏడాదే గేటుకి తాళం పడింది. ఇప్పుడు ఈ మోకాళ్ళు చిరక్కపోవడం తాళం వల్లో నా ముక్కల వల్లో నాకే తెలియదు.

వెనక నుంచి అక్క గొంతు వినబడింది, మెల్లగా, అదే బట్టని చెప్పెయ్ అని. నిజానికి బట్ట అదే. ఆయనడిగింది బట్ట గురించే. ఒక్క మాట అంటే చాలు, అందులో అబద్ధం కూడా లేదు. హెడ్ మేడం బల్లమీది తేదీ లేని చీటీ కళ్ళముందు కదిలింది. అబద్ధాలు నాకు రాక కాదు. రేపు ఇచ్చేస్తానని రోజుకి పదిమందికి చెబుతాను, వాళ్ళూ నమ్మరు, నేనూ నమ్మను. కానీ నేను కుట్టిన బట్ట చేతిలో పట్టుకుని, దాని గురించి మాత్రం ఆడలేకపోయాను.

“బట్ట ఒకటేనండి. కానీ మోకాళ్ళకి లోపల రెండో పొర నేనే వేశాను. ఇప్పుడే గుర్తొచ్చింది” అన్నాను.

ఒక సభ్యుడు నవ్వాడు. అయితే ఇదంతా మీ లైనింగు మహిమేనన్నమాట అన్నాడు. ఇంకొకాయన పెన్ను మూసేశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. వెనక్కి చూసే ధైర్యం లేదు. మూడు నిమిషాలు అయిపోయాయని ఎర్రలైటు వెలిగింది. ఛైర్మన్ గారు చాలా సంతోషమమ్మా అన్నారు, కిందటేడు అక్కతో అన్నట్టే.

ఈ ఏడాది ప్యాంట్లు మడవడం మొదలుపెట్టాను. ముప్ఫై ఏళ్ళ అలవాటు, కాలు మీద కాలు వేసి, వెనకభాగం పైకి తిప్పి, బొటనవేలితో మడత నొక్కడం. నొక్కితే బొటనవేలు బట్టలోంచి ఇవతలికి వచ్చింది.

రెండో ప్యాంటు తీసి లైటుకి అడ్డంగా పట్టుకున్నాను. కూర్చునే చోట నేత పలచబడి, అవతలున్న మైకు కనబడుతోంది. మూడోదీ అంతే. అప్పుడు తట్టింది నాకు, ఈ రెండేళ్ళూ నేను ఊరికే కూర్చోలేదు. బాగుచేస్తూనే ఉన్నాను, అన్నీ వెనకభాగాలే. ఏ చిరుగైనా నాకు చిరుగే కదా, ఇది ఎక్కడిదీ అని ఎప్పుడైనా ఆలోచిస్తేగా. నా తెలివి తెల్లారినట్టే ఉంది. పాత ప్యాంట్లు మూడూ తిరగేశాను. మోకాళ్ళు గుల్లగా ఉన్నాయి గానీ వెనక చెక్కుచెదరలేదు. అక్కడ అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు రెండో పొర.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు, ముందు నా మీదే వచ్చి ఉంటుంది. ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. మైకు ఇంకా ఆపలేదు.

“అయ్యా, మోకాళ్ళు వదిలేయండి, అది నా పొరపాటు. ఇక్కడ చూడండి. ఈ అరుగుదల నాకు బాగా తెలుసు. కుర్చీల్లో ఇరవయ్యేళ్ళు పనిచేసిన ఆఫీసు మనుషుల ప్యాంట్లు ఇలా అరిగి వస్తాయి నా దగ్గరకి. ఎవరివో చెప్పను, మా పనిలో అది మర్యాద కాదు. వాళ్ళకి యాభై దాటాయి, నడుం నొప్పులున్నాయి, జీతమిస్తారు కాబట్టి కూర్చుంటారు. ఈ ప్యాంటు నడుం కొలత ఇరవై రెండు. ఇది ఎనిమిదేళ్ళ పిల్లది. మా పిల్లది.”

ఎవరూ నవ్వలేదు. ఛైర్మన్ గారి ప్యాంట్లు ఏడాదికి రెండుసార్లు నా దగ్గరకి వస్తాయి, డ్రైవరు తెచ్చిస్తాడు, వెనక అరిగినచోట దారంతో అల్లి రఫ్ఫు కొట్టి ఇస్తాను. ఆ సంగతి ఆ గదిలో ఆయనకీ నాకూ మాత్రమే తెలుసు. ఆయన కుర్చీలో ఒకసారి సర్దుకుని కూర్చున్నారు. తర్వాత చెయ్యి చాపి, ప్యాంటు ఇలా ఇవ్వండమ్మా అన్నారు. లైటుకి పట్టుకుని చాలాసేపు చూసి, పక్కాయనకి అందించారు. అలా ఏడుగురి చేతుల్లోంచీ వెళ్ళింది మా బొంగరం ప్యాంటు.

వాదన గంటంపావు నడిచింది. పైకప్పులు పీకి ఆటలకి పెట్టమంటారా అని ఒకరు ఒంటికాలి మీద లేచారు. చివరికి నలుగురు ఇటు, ముగ్గురు అటు చేతులెత్తారు. గేటు తాళం తియ్యాలి. రోజూ పదిహేను నిమిషాలు, ఒక టర్ము పాటు, చూద్దాం అన్నట్టు. ఇద్దరు మనుషుల జీతాల సంగతి వచ్చే బడ్జెట్‌లో పరిశీలిస్తారు. అప్పటిదాకా మైదానంలో నిలబడాల్సింది తల్లిదండ్రులే, ఊరికే. హాలు బయట అక్క మొహం కందగడ్డలా ఉంది. మన చేత వెట్టి చేయించుకుంటున్నారు, దీన్ని ఇక్కడితో వదిలేది లేదు, జీతాలు వచ్చేదాకా ప్రతి మీటింగుకీ వద్దాం అంది. వద్దాం అన్నాను. మొదటి వారానికి నా పేరు నేనే రాసుకున్నాను. శుక్రవారం పొద్దున హెడ్ మేడం గేటు దగ్గర నా చేతిలో ఆ తేదీ వెయ్యని చీటీ పెట్టింది. అక్కడే చించేశాను.

సోమవారం షాపు మూసి, పదకొండింటికి మైదానంలో నిలబడ్డాను. తాళం తుప్పు పట్టి రాకపోతే నా మిషను నూనె పోసి తీశాను. లోపల గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది, మధ్యలో మాత్రం కోశారు. బెల్లు కొట్టారు. మా బొంగరం తరగతి బయటికి వచ్చింది, ముప్ఫై నాలుగు మంది. వచ్చి, వరసగా, చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడ్డారు.

ఆడుకోండి అన్నాను. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఏం ఆడాలండి అని ఒక పాప అడిగింది. మీ ఇష్టం, పరిగెత్తండి అన్నాను. అక్క కొడుకు రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, తరగతి కిటికీ వైపు చూశాడు. ఎవరూ ఏమీ అనకపోయేసరికి ఇంకో రెండు వేశాడు. అలా మెల్లిమెల్లిగా ఒకళ్ళ వెనక ఒకళ్ళు కదిలారు. నాలుగు నిమిషాలు అందుకే పోయాయి.

బొంగరం కదల్లేదు. గోడకి ఆనుకోకుండా, చేతులు కట్టుకుని, నన్ను చూస్తూ నిలబడింది. నేను వెళ్ళి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

“ఏమే, నీ కోసమే కదే ఇదంతా. వెళ్ళవే.”

“కదలకపోతే చీటీ రాదన్నావు కదమ్మా” అంది.

ఆ స్టూలు, ఆ బాబిన్, వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చూపించడం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. గేటుకి తాళం వేసింది కమిటీ కావచ్చు, దీనికి వేసింది నేనే. తప్పు నాదేనే, ఇంక చీటీలు రావే అని దాని చేతులు విడదీశాను. అది కిందకి తన ప్యాంటు వైపు చూసుకుంది.

“పడితే చిరుగుతుందేమో.”

“చిరగనీయవే. మీ అమ్మ ఉన్నది ఎందుకు?”

అది ముందు నడిచింది. బాబిన్ ఒళ్ళో ఉన్నట్టే, జాగ్రత్తగా, మైదానం సగం దాకా నడిచింది. అక్కడ అక్క కొడుకు దాన్ని దాటుకుంటూ వెళ్ళి, వెనక నుంచి జడ లాగాడు. అది ఒక్క క్షణం ఆగింది. తర్వాత వాడి వెంటపడింది.

అయిదు నిమిషాలు ఆడింది. బెల్లు కొట్టేసరికి కుడి మోకాలు పైపొర చిరిగి, లోపల నేను వేసిన ముక్క కనబడుతోంది. సాయంత్రం ఆ ప్యాంటు మిషను మీద పెట్టుకుని, ఇకమీదట చిరిగేది చిరిగినట్టే కనబడాలని, ముందు ఆ లోపలి ముక్క విప్పేశాను.